వర్జీనియా అంచుల్లో స్థిరపడిన పూర్వీకుణ్ణి వెతకాలంటే: భూమి కాగితాలా, కోర్టు పుస్తకాలా?

వర్జీనియాలో ఉంటున్న తెలుగు కుటుంబాలకి ఇప్పుడు అక్కడి పాత కుటుంబాలతో వియ్యాలు కలుస్తున్నాయి. అలాంటి ఇళ్లలో పిల్లలు కాస్త పెద్దయ్యాక అమ్మ వైపు, నాన్న వైపు రెండు మూలాలూ తెలుసుకోవాలనుకుంటారు. అమెరికా వైపు నుంచి తరచుగా వినపడే కథ ఒకటుంది: మా వాళ్లు ఐర్లండ్ నుంచి వచ్చి ఫిలడెల్ఫియాలో దిగారు, 1740ల్లో షెనండోవా లోయకి వచ్చి అడవి కొట్టుకుని బతికారు అని. ఆ కథకి ఆధారంగా చూపించే కాగితం మాత్రం చాలా ఇళ్లలో ఉండదు. సరే వెతుకుదాం అని కూర్చుంటే, భూమి రికార్డులు పట్టుకోవాలా కోర్టు రికార్డులు పట్టుకోవాలా అన్న దగ్గరే ఆగిపోతారు.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. మొదలు భూమితో పెట్టండి, ఎక్కువ టైమ్ మాత్రం కోర్టు పుస్తకాలకి ఇవ్వండి. చాలామంది చేసేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆన్‌లైన్‌లో పట్టా కాపీ ఒకటి దొరకగానే ప్రింట్ తీసి, ఫ్రేమ్ కట్టించి, పని అయిపోయిందనుకుంటారు. ఆ పట్టా అతను ఎన్ని ఎకరాలు తీసుకున్నాడో చెబుతుంది, ఏ వాగు పక్కనో చెబుతుంది. భార్య పేరేమిటో, ఎక్కడి నుంచి వచ్చాడో, అదే పేరుతో ఆ లోయలో ఉన్న ముగ్గురిలో మీవాడు ఎవరో చెప్పదు.

మరి ఈ రెండే ఎందుకు, ఇంకేమీ లేవా అంటే, పెద్దగా లేవు. వర్జీనియా రాష్ట్రమంతటా జనన మరణాలు నమోదు చేయడం మొదలైంది 1853లో. మొదటి జనగణన 1790లో జరిగింది గానీ వర్జీనియాకి సంబంధించి 1790, 1800 జాబితాలు దాదాపు పూర్తిగా పోయాయి. లోయలోకి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ప్రెస్బిటేరియన్లు, లూథరన్లు. వాళ్ల చర్చి పుస్తకాలు అక్కడక్కడా మిగిలాయి తప్ప ప్రతి ఊరికీ లేవు. కాబట్టి ఆ కాలపు మనిషి కాగితం మీద కనపడేది భూమి కొన్నప్పుడో అమ్మినప్పుడో, లేకపోతే ఎవరి మీదో దావా వేసినప్పుడో, తన మీద ఎవరో వేసినప్పుడో.

ముందు భూమి సంగతి. ఇక్కడ తేల్చుకోవాల్సింది ఆ నేల ఎవరి చేతిలో ఉండేదన్నది. పొటోమాక్, రాపహానక్ నదుల మధ్య ఉన్న ప్రాంతమంతా ఫెయిర్‌ఫాక్స్ ప్రభువు సొంత జమీ. దాన్ని నార్తర్న్ నెక్ అంటారు. ఇప్పుడు మనవాళ్లు ఎక్కువగా ఉండే లౌడన్, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలు అందులోవే, లోయలో ఉన్న ఫ్రెడరిక్ కౌంటీ కూడా అందులోదే. అక్కడ భూమి కావాలంటే ఆయన ఆఫీసు నుంచి గ్రాంటు తీసుకోవాలి, శిస్తు ఆయనకే కట్టాలి. దానికి దక్షిణంగా ఉన్న భూమి బ్రిటన్ రాజుది. అక్కడ గవర్నరు పేరుతో పట్టా వస్తుంది, ఏటా 50 ఎకరాలకి 1 షిల్లింగు శిస్తు. రెండింటి మధ్య హద్దు 1746లో సర్వే చేశారు, ఫెయిర్‌ఫాక్స్ లైన్ అంటారు. మీ పూర్వీకుడు ఆ గీతకి ఎటు వైపు ఉన్నాడన్నదాన్ని బట్టి ఏ పుస్తకాలు తిరగేయాలో మారిపోతుంది. రిచ్‌మండ్‌లోని లైబ్రరీ ఆఫ్ వర్జీనియా రెండు రకాల పట్టాలనీ స్కాన్ చేసి ఉచితంగా పెట్టింది, పేరుతో వెతకొచ్చు. రాష్ట్రం మొత్తానికి ఒకే చోట వెతికే వీలు భూమి వైపు ఉంది. కౌంటీ ఏదో కూడా తెలియనప్పుడు భూమితో మొదలుపెట్టమనేది అందుకే.

నార్తర్న్ నెక్ వైపు ఇంకో లాభం ఉంది. గ్రాంటుకి ముందు జరిగిన సర్వే కాగితాలు చాలావరకు మిగిలాయి, వాటిలో భూమి కొలిచేటప్పుడు గొలుసు పట్టిన మనుషుల పేర్లు రాసి ఉంటాయి. గొలుసు పట్టేది సాధారణంగా కొనేవాడి కొడుకులో, బావమరుదులో, పక్క పొలం వాళ్లో. పట్టా ఒక్కటే చూసి వదిలేస్తే ఈ పేర్లు మీ కంట పడవు.

ఇక అసలైన చిక్కు. రాజు వైపు భూమిలో చిన్న రైతు పేరు పట్టాల జాబితాలో లేకపోతే వెంటనే నిరాశపడతారు, మా వాళ్లు అక్కడ లేరేమో అనుకుంటారు. లోయ మధ్యలో, ఇప్పటి స్టాంటన్ చుట్టుపక్కల, విలియం బెవర్లీకీ ఆయన భాగస్వాములకీ 1736లో ఒకే పట్టా కింద 1,18,491 ఎకరాలు ఇచ్చారు. దానికి దక్షిణాన 1739లో బెంజమిన్ బోర్డెన్‌కి 92,100 ఎకరాలు. ఈ రెండు ముక్కల్లో స్థిరపడ్డ వందలాది కుటుంబాలు రాజు దగ్గర పట్టా తీసుకోలేదు, బెవర్లీ దగ్గరో బోర్డెన్ దగ్గరో కొనుక్కున్నాయి. వాళ్ల కాగితం పట్టాల్లో ఉండదు, కౌంటీ డీడ్ బుక్‌లో క్రయ దస్తావేజుగా ఉంటుంది. అందుకని పట్టాల్లో పేరు లేకపోవడాన్ని జవాబుగా తీసుకోకండి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకి వెళ్లలేను. ఆ నేల ఖాళీగా పడి ఉన్నది కాదు. ఇరోక్వా అనే స్థానిక తెగల దగ్గర హక్కు వదులుకున్నట్టు పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్‌లో ఒప్పందం రాయించుకున్నది 1744లో, అంటే బెవర్లీకి పట్టా ఇచ్చిన 8 ఏళ్లకి. ఆ ఒప్పందానికి వర్జీనియా తరఫున వెళ్లిన ఇద్దరు కమిషనర్లలో ఈ బెవర్లీ కూడా ఒకరు. వంశవృక్షం రాసేటప్పుడు ఈ రెండు తేదీలూ పక్కపక్కన రాసి పిల్లలకి చూపించండి.

కౌంటీ డీడ్ బుక్ దగ్గరికి వస్తే మనవాళ్లకి సగం పని తెలిసినట్టే. మన లింకు డాక్యుమెంట్ల లాగే ఒకదాని వెనక ఒకటి పట్టుకుని వెనక్కి వెళ్లడమే. చెక్కుబందీ మాత్రం వేరే రకంగా ఉంటుంది. తూర్పు ఫలానావారి పొలం, పడమర డొంక అని నాలుగు దిక్కులు రాయరు. వాగు ఒడ్డున తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలై, ఉత్తరానికి ఇన్ని డిగ్రీలు తూర్పుగా ఇన్ని పోల్స్ వెళ్లి, రెండు హికరీ మొక్కల దగ్గర తిరిగి, ఫలానా అతని గీత వెంబడి మళ్లీ మొదలైన చోటికి, ఇలా నడుచుకుంటూ పోతుంది. ఒక పోల్ అంటే 16.5 అడుగులు, 320 పోల్స్ ఒక మైలు. గ్రాఫ్ కాగితం మీద కోణమాపకం పెట్టి గీస్తే పొలం ఆకారం వచ్చేస్తుంది, పక్క పొలాల దస్తావేజులు కూడా గీసి అతికిస్తే ఎవరి పక్కన ఎవరున్నారో తెలుస్తుంది. ఓపిక పట్టాల్సిన పనే, కానీ ఒకే పేరున్న ఇద్దరిని విడదీయడానికి దీన్ని మించిన పద్ధతి నాకు కనపడలేదు. మనిషి పేరు కలిసినా పొలం కలవదు.

దస్తావేజులో చూడాల్సినవి ఇంకా కొన్ని ఉన్నాయి. ఆ రోజుల్లో ఒక అమ్మకానికి తరచుగా రెండు కాగితాలు రాసేవారు. మొదటి రోజు 5 షిల్లింగులకి ఏడాది లీజు, మర్నాడు అసలు ధరకి విడుదల. ఇవి చూసి రెండు పొలాలు కొన్నాడనుకోకండి, ఒకటే. అమ్మేటప్పుడు భార్యని భర్త లేకుండా విడిగా అడిగి, ఆమె తన హక్కు ఇష్టపూర్వకంగా వదులుకుంటోందని రాసుకునేవారు. ఆమె పేరు దొరికే చోట్లలో అది ఒకటి, ఆ పేరు ఒక్కోసారి దస్తావేజులో కాకుండా అదే తేదీ దగ్గర ఆర్డర్ బుక్‌లో, అంటే కౌంటీ కోర్టు ఉత్తర్వులు రాసుకునే పుస్తకంలో ఉంటుంది. వీలునామా రాయకుండా తండ్రి చనిపోతే భూమి మొత్తం పెద్దకొడుక్కే పోయేది, ఈ పద్ధతిని వర్జీనియా 1785లో చట్టం చేసి తీసేసింది. అంతకుముందు అలా తండ్రి నుంచి కొడుక్కి చేతులు మారిన భూమికి దస్తావేజే ఉండదు. ఎక్కడా కొన్నట్టు లేని పొలాన్ని ఒకతను అమ్ముతున్నాడంటే, పాత యజమానికి పెద్దకొడుకేమో చూడండి. చాలాసార్లు ఆ అమ్మకం కాగితంలోనే వారసుడినని రాసి ఉంటుంది.

కౌంటీలు విడిపోయిన తీరు మాత్రం ఒక కాగితం మీద రాసి ఎదురుగా అంటించుకోండి. 1734లో ఆరెంజ్ కౌంటీ పుట్టింది, లోయ మొత్తం దానిలోనే. 1738లో ఫ్రెడరిక్, ఆగస్టా కౌంటీలకి చట్టం చేశారు గానీ ఫ్రెడరిక్ కోర్టు కూర్చున్నది 1743లో, ఆగస్టా కోర్టు 1745 డిసెంబరులో. అంటే 1741లో స్టాంటన్ పక్కన ఉన్నవాడి కాగితాలు ఆరెంజ్‌లో ఉంటాయి, ఆగస్టాలో కాదు. తర్వాత ఆగస్టా నుంచి 1770లో బొటిటార్ట్, అందులోంచి 1772లో ఫిన్‌కాజిల్ విడిపోయాయి. ఫిన్‌కాజిల్ నాలుగేళ్లకే రద్దయిపోయింది, దాని పుస్తకాలు ఇప్పుడు మాంట్‌గోమరీ కౌంటీలో ఉన్నాయి. మనిషి ఒకే పొలంలో కదలకుండా కూర్చుని ఉంటాడు, అతని కాగితాలు మాత్రం కౌంటీకి కౌంటీ మారుతుంటాయి.

ఇప్పుడు కోర్టు. నాకు ఇష్టమైన పుస్తకాలు ఇవే, ఎందుకంటే మనుషులు మాట్లాడేది ఇక్కడే. లోయలోకి వచ్చినవాళ్లు అప్పులిచ్చుకునేవారు, తీర్చకపోతే దావా వేసేవారు, తిట్టుకుంటే దావా వేసేవారు, గుర్రం పోతే దావా వేసేవారు. భూమి కొనలేని పేదవాడు కూడా ఆర్డర్ బుక్‌లో ప్రతివాదిగానో, సాక్షిగానో, రోడ్డు పనికి పంపిన మనిషిగానో కనపడతాడు. 16 ఏళ్లు దాటిన మగవాళ్లని తలపన్ను లెక్కలోకి తీసుకునేవారు కాబట్టి ఆ జాబితాల్లో కొడుకు పేరు మొదటిసారి వచ్చిన ఏడాదిని బట్టి అతని వయసు అంచనా వేయొచ్చు. తండ్రి లేని పిల్లల్ని పని నేర్చుకోవడానికి ఎవరికో అప్పగించినప్పుడు తండ్రి పేరు రాస్తారు. భూమి వైపు ఈ మనుషులెవరూ లేరు.

ఐర్లండ్ నుంచి వచ్చినవాళ్లకి ఆరెంజ్ కౌంటీ ఆర్డర్ బుక్‌లో 1740 నాటి పేజీలు బంగారం. సొంత ఖర్చుతో వచ్చిన ప్రతి మనిషికీ 50 ఎకరాల హక్కు ఉండేది. దాన్ని రుజువు చేసుకోవడానికి ఆ ఏడాది చాలామంది కోర్టుకి వచ్చి ప్రమాణం చేశారు. తాను, భార్య, పిల్లలు, పేర్లతో సహా, ఐర్లండ్ నుంచి ఫిలడెల్ఫియాకి, అక్కడి నుంచి ఈ కాలనీకి సొంత ఖర్చుతో వచ్చామని, ఈ హక్కు రుజువు చేసుకోవడం ఇదే మొదటిసారని రాసి ఉంటుంది. కుటుంబం మొత్తం ఒకే వాక్యంలో. వచ్చిన ఏడాది మాత్రం అదే కానక్కర్లేదు, అప్పటికి కొన్నేళ్ల ముందే వచ్చి ఉండొచ్చు. ఇది భూమి కోసం చేసిన ప్రమాణమే, అయినా ఉన్నది కోర్టు పుస్తకంలో. పట్టాల్లో మాత్రమే వెతికేవాళ్లకి ఇది ఎప్పటికీ తగలదు.

అంతకంటే విలువైనవి వాంగ్మూలాలు. బోర్డెన్ భూమి మీద ఆయన వారసులకీ కొన్నవాళ్లకీ మధ్య దావాలు దశాబ్దాల పాటు నడిచాయి. అందులో మేరీ గ్రీన్లీ అనే ఆవిడ 1806లో, 95 ఏళ్ల వయసులో వాంగ్మూలం ఇచ్చింది. తాము 1737 శరదృతువులో అక్కడ స్థిరపడ్డామని, దారిలో మకాం వేసుకున్న చోటికే బోర్డెన్ వచ్చాడని, తన భూమి దగ్గరికి దారి చూపించినవాళ్లకి 1000 ఎకరాలిస్తానన్నాడని, ఆమె సోదరుడు జాన్ మెక్‌డవెల్ ఒప్పుకున్నాడని చెప్పింది. గుడిసె వేసుకున్నవాడికి 100 ఎకరాలు ఉచితం, ఇంకా కావాలంటే 100 ఎకరాలకి 50 షిల్లింగులు. అందులోనే ఇంకో సంగతి చెప్పింది. ఒక ఇంట్లో పనిచేసే అమ్మాయి మగవాడి బట్టలు వేసుకుని, ఇంటిపేరు అదే ఉంచి మొదటి పేరు మారుస్తూ ఐదారు గుడిసెల హక్కులు రాయించిందట. 70 ఏళ్ల కిందటి సంగతులు, ఎవరెవరికి ఏమవుతారో, ఎవరు ఎవరి తర్వాత వచ్చారో, అన్నీ ఒక మనిషి నోటి నుంచి. ఏ పట్టాలో దొరుకుతుంది ఇది? మీ పూర్వీకుడు ఆ దావాలో వాది కాకపోయినా, ప్రతివాది కాకపోయినా, ఎవరో సాక్షి అతని పేరు తలచుకుని ఉండొచ్చు.

ఫెయిర్‌ఫాక్స్ గీతకి ఉత్తరాన కూడా ఇలాంటిదే. అక్కడ యోస్ట్ హైట్ అనే ఆయన వలస కుటుంబాల్ని తెచ్చి కూర్చోబెట్టాడు, ఆ భూమి నాదని ఫెయిర్‌ఫాక్స్ అడ్డం తిరిగాడు. 1749లో పడ్డ కేసు 1786కి గానీ తేలలేదు, హైట్ వైపు తీర్పు వచ్చింది. మధ్యలో ఆ భూముల మీద ఉన్నవాళ్ల హక్కు గాలిలో వేలాడింది. అలాంటి చోట పట్టా తేదీ చూసి అతను వచ్చిన ఏడాది అదే అనుకుంటే పెద్ద పొరపాటు.

కోర్టు వైపు కష్టాలు లేవని కాదు. ఆర్డర్ బుక్‌లో ఒక్కో కేసుకి ఒకటి రెండు లైన్లే ఉంటాయి, వాయిదా వేశారనో కొట్టేశారనో. అసలు విషయం విడి కాగితాల కట్టల్లో ఉంటుంది. వాటిని వదిలేయకండి, సమన్ల వెనక షెరీఫ్ రాసిన ముక్కలు కూడా చదవండి. మనిషి కౌంటీలో లేడు అనో, కరోలినాకి వెళ్లిపోయాడు అనో ఒక్క మాట రాసి ఉంటుంది, మీరు ఎన్నాళ్లుగానో వెతుకుతున్న జవాబు అదే అవుతుంది. ఇండెక్స్‌లో సాధారణంగా వాది ప్రతివాదుల పేర్లే ఉంటాయి, సాక్షుల పేర్లు ఉండవు. తేదీలతో కూడా జాగ్రత్త. 1752 ముందు ఏడాది మార్చి 25న మొదలయ్యేది. ఆగస్టా కోర్టు పుస్తకంలో 1745 డిసెంబరు తర్వాత 1745 ఫిబ్రవరి వస్తుంది, అది మన లెక్కలో 1746. ఇది తెలియక తండ్రి చనిపోయాక కొడుకు పుట్టాడనో, పెళ్లికి ముందే అమ్మకం జరిగిందనో వంశవృక్షాల్లో రాసేసినవాళ్లు ఉన్నారు.

ఆగస్టా కోర్టు రికార్డులకి 1912లో లైమన్ చాక్లీ పేరుతో మూడు సంపుటాల సంక్షిప్తం అచ్చయింది. ఇప్పటికీ అందరూ దాని నుంచే ఉదహరిస్తారు. వెతకడానికి అది వాడుకోండి, రుజువుగా మాత్రం వాడకండి. సంక్షిప్తం చేసినవారు వదిలేసినవి ఉన్నాయి, పేర్లు తప్పుగా చదివినవి ఉన్నాయి. ప్రతి ముక్కకీ అసలు పేజీ తెరిచి చూడాలి, చూడటం ఇప్పుడు కష్టం కూడా కాదు. ఆగస్టా చాన్సరీ కేసులు, అంటే ఆస్తి పంపకాలు, వారసత్వ తగాదాల కట్టలు, లైబ్రరీ ఆఫ్ వర్జీనియా సైట్‌లో బొమ్మలతో సహా ఉచితంగా ఉన్నాయి. వంశ రికార్డులు వెతికే ఫ్యామిలీసెర్చ్ సైట్‌లో ఖాతా ఉచితం. అక్కడ 2024లో తెచ్చిన ఫుల్ టెక్స్ట్ సెర్చ్ చేతిరాతని యంత్రంతో చదివించి అమెరికా భూమి, వీలునామా రికార్డుల్లో వెతకనిస్తుంది. ఇండెక్స్‌లో లేని సాక్షి పేరు, పక్క పొలం వాడి పేరు కూడా తగులుతాయి. యంత్రం పాత అక్షరాల్ని తప్పు చదువుతుంది కాబట్టి పేరుని నాలుగైదు రకాల స్పెల్లింగులతో కొట్టి చూడండి. డబ్బు కట్టే సైట్లకి వెళ్లేది ఈ రెండూ అయ్యాకే, ముందు అక్కర్లేదు.

ఎవరికి ఏది అన్నది మీరు ఎక్కడ ఆగిపోయారన్నదాన్ని బట్టి చెప్పాలి. కౌంటీ తెలియకపోతే పట్టాలు, నార్తర్న్ నెక్ గ్రాంట్లు. కౌంటీ తెలిసి ఒకే పేరున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటే డీడ్ బుక్, చెక్కుబందీ గీయడం. భార్య పుట్టింటివాళ్లు కావాలంటే వీలునామాలు, చాన్సరీ. కౌలు రైతు, ఒప్పంద కూలీ అయితే భూమి జోలికి పోకుండా నేరుగా ఆర్డర్ బుక్. పూర్వీకులు బానిసలుగా బతికినవాళ్లయితే వాళ్ల పేర్లు యజమాని వీలునామాలో, చనిపోయాక తీసిన ఆస్తి జాబితాలో, చాన్సరీ పంపకాల్లో ఉంటాయి. ఆ జాబితాల్లో మనుషుల్ని పశువుల పక్కన ధర కట్టి రాసి ఉంటారు, చదవడం బాధగా ఉంటుంది. అయినా చదవాలి, చాలా కుటుంబాలకి ఆ పేరు ఉన్న ఒకే ఒక్క చోటు అది.

మీ వాళ్లు వర్జీనియాకి ముందు పెన్సిల్వేనియాలో ఆగి ఉంటే అక్కడి పద్ధతి వేరు: వారెంటు (భూమి కొలవమనే ఆదేశం), సర్వే, చివరికి పట్టా. వారెంటుకీ పట్టాకీ మధ్య దశాబ్దాలు గడిచిపోయిన సందర్భాలు ఉన్నాయి, అందుకని అక్కడ వారెంటు తేదీనే పట్టుకోండి. అటు నార్త్ కరోలినాకి దిగి ఉంటే, ఉత్తర సగం గ్రాన్‌విల్ ప్రభువు జమీ. ఆయన 1763లో పోయాక ఆఫీసు మూతపడింది, రాష్ట్రం తన భూమి ఆఫీసు తెరిచేదాకా అక్కడ కొత్త గ్రాంట్లే లేవు. ఆ మధ్య వచ్చినవాడికి పట్టా దొరకదు, రోవన్ కౌంటీ కోర్టు పుస్తకాలే దిక్కు.

లోయ నుంచి కరోలినా వైపు వెళ్లిపోయినవాళ్ల విషయంలో ఒక పని తప్పకుండా చేయండి. వెళ్లేటప్పుడు అమ్మకుండా వదిలేసిన పొలాన్ని తర్వాత అమ్మడానికి వెనక ఉన్న అన్నకో బావకో పవర్ ఆఫ్ అటార్నీ పంపేవారు. అది పాత కౌంటీ డీడ్ బుక్‌లోనో ఆర్డర్ బుక్‌లోనో నమోదై ఉంటుంది, రాసినవాడు ఇప్పుడు ఏ కౌంటీలో ఉంటున్నాడో మొదటి లైన్లోనే ఉంటుంది. అతను ఆగస్టా వదిలి వెళ్లిన తర్వాత ఇరవై ఏళ్ల దాకా ఆగస్టా ఇండెక్స్‌లో అమ్మకందారుల వైపు అతని పేరు చూస్తూ ఉండండి.